వంటింటి గోడ మీద పులి గీత

మా క్వార్టర్‌లో వంటింటి దర్వాజా పక్కన, గోడ మీద ఎర్ర రంగుతో గీసిన అడ్డగీత ఒకటి ఉంది. నాకు తెలిసి ఆ గోడకు ఆరేడుసార్లు సున్నం పడింది. పడిన ప్రతిసారీ మా బాపు తడిగుడ్డ పట్టుకుని ఆ ఒక్క చోట తుడిచి గీతను మళ్లీ బయటికి తీశాడు. అది పులి గీత. పులి నిలబడితే దాని భుజం ఎక్కడిదాకా వస్తుందో చూపించే గీత. గోడ మీద పిల్లల ఎత్తు గీసుకున్న ఇళ్లు గోదావరిఖని కాలనీల్లో ఎన్నో ఉంటాయి. పులి ఎత్తు గీసుకున్న ఇల్లు మాదొక్కటే.

ప్రతి దసరాకు బాపు నన్ను ఆ గీత కింద నిలబెట్టేవాడు. నేను దాన్ని దాటింది ఏడో తరగతిలో. ఆ రోజు కాలనీలో ఇంటింటికీ వెళ్లి, పులికంటే పొడుగయ్యానని చెప్పుకున్నాను. నమ్మకం అంటే అంత నమ్మకం నాకు, మా బాపు మాట మీద.

ఆ పులి కథ మా ఇంట్లో అన్నం లాంటిది, వారానికి ఒకసారైనా వడ్డించేవాళ్లు. నాకు నాలుగేళ్లప్పుడు బాపు బొగ్గుబాయిలో ఫిల్లర్. భూమి లోపల బొగ్గు టబ్బుల్లోకి నింపే పని. ఒక రోజు సెకండ్ షిఫ్టుకని మధ్యాహ్నం సైకిల్ మీద బయలుదేరాడు. కాలనీ నుంచి బాయికి వాగు పక్కగా, తుప్పల్లోంచి అడ్డదారి ఉండేది. ఆ దారికి అడ్డంగా పులి ఉంది.

"గింత తలకాయ, బిడ్డా. మన బియ్యం డబ్బంత ఉంటది. మగపులి. మెడ కింద తోలు యాలాడుతాంది. నడుస్తాంటే కడుపు ఇటో ఊపు, అటో ఊపు. ముక్కు మీద రూపాయి బిళ్లంత మచ్చ, గక్కడ ఎంటికల్లేవు. ఎనిమిది అంగలు ఇటు నడిసింది. మర్రింది. ఎనిమిది అంగలు అటు నడిసింది. మల్ల మర్రింది. నన్ను పోనియ్యద్దని ఎవరో కావలి పెట్టినట్టే చేసింది."

బాపు సైకిల్ పడేసి ఇప్పచెట్టు ఎక్కి రెండు గంటలు కూర్చున్నాడట. పులి వెళ్లాక దిగితే షిఫ్టు మొదలై చాలాసేపైంది, హాజరు పుస్తకం మూసేశారు. ఇంటికి తిరిగొచ్చాడు. చీకటి పడేలోపు కాలనీలోకి కబురు వచ్చింది. బాయిలో రూఫు కూలి బాపు జోడీ చనిపోయాడు.

జోడీ అంటే ఏమిటో చెప్పాలి. ఫిల్లర్లు ఇద్దరిద్దరుగా పనిచేసేవాళ్లు. ఏళ్ల తరబడి అదే ఇద్దరు. బాపు జోడీని నేను కాకా అని పిలిచేదాన్ని. ఆయనకు భుజబలం, బాపుకు చెవి. పనిలోకి దిగే ముందు బాపు ఇనుప కడ్డీతో పైన రూఫును తట్టి వినేవాడు. గట్టి రాయి ఖంగున మోగుతుంది. లోపల పగుళ్లు పట్టిన రాయి బోలుగా పలుకుతుంది. బోలుగా పలికితే బాపు చెయ్యి ఎత్తేవాడు, కాక పార కూడా ముట్టేవాడు కాదు. ఆ రోజు బాపు లేడు. కాకకు జోడీగా పంపిన కొత్త మనిషి తట్టాడో లేదో, తట్టినా ఏం విన్నాడో ఎవరికీ తెలియదు.

కాక భార్యను చిన్నవ్వ అంటాను. ఇద్దరు పిల్లలతో మిగిలిపోయింది. "జోడీ ఉంటే బతికేటోడు" అని కాలనీలో చాటుగా అన్నవాళ్లు ఉన్నారు. ఆమె మాత్రం ఒక్కనాడు అనలేదు. పులి అమ్మవారి వాహనం, అమ్మవారే దాన్ని దారికి అడ్డం నిలబెట్టిందని ఆమె నిశ్చయం. ఇద్దరూ పోతే రెండిళ్లు ఆరిపోతాయని ఒకరిని ఆపిందట. వాగు పక్క ఆ చోట ఒక రాయి నిలిపి, పసుపు రాసి, బొట్లు పెట్టింది. తర్వాత అక్కడ ఓపెన్‌కాస్టు గని వచ్చి వాగూ దారీ అన్నీ తవ్విపోశారు. చిన్నవ్వ నలుగురిని బతిమాలి రాయిని తెచ్చి రోడ్డు పక్క మైసమ్మ గుడి దగ్గర పెట్టించింది. ఇప్పటికీ షిఫ్టుకు వెళ్లే వాళ్లు మైసమ్మకు మొక్కి, ఆ పులిరాయిని ఒకసారి ముట్టుకుని పోతారు. నేనూ ముట్టుకునేదాన్నే.

బాపు ఆ ఇంటికి ఎంత చేశాడో చెప్తే ఒడవదు. చిన్నవ్వ పిల్లలను బడిలో వేశాడు, జ్వరాలొస్తే దవాఖానకు మోశాడు, పెళ్లిళ్లకు పెద్దరికం చేశాడు. అంతటి మనిషి మా బాపు అని నేను పొంగిపోయేదాన్ని. నన్ను కన్న మా అవ్వ సంగతి ఒక్కటే అర్థమయ్యేది కాదు. బాపు పులి కథ ఎత్తుకోగానే బిందె తీసుకుని బయట నల్లా దగ్గరికి వెళ్లిపోయేది. నల్లా రాని వేళల్లో కూడా. విని విని విసుగొచ్చిందేమో అనుకున్నాను. అవ్వ పోయి ఇప్పటికి ఆరేళ్లు.

బాపు ఊపిరితిత్తులు చెడి ఉద్యోగం దిగిపోయినప్పుడు, వారసురాలిగా నాకు కంపెనీలో కొలువు వచ్చింది. క్వార్టర్ కూడా నా పేరు మీదికి మారింది. ఓపెన్‌కాస్టులో సర్వే వాళ్ల వెంట టేపు పట్టి, కర్ర పట్టి తిరిగే పని నాది. గని చుట్టూ తవ్వి పోసిన మట్టి గుట్టల ఎత్తు, వాలు కొలుస్తాం. కొలవడం తప్ప నాకు వేరే విద్య రాదు. అందుకే ఇంత కాలం నా ఇంటి గోడ మీది కొలతను ఒక్కసారి కూడా అనుమానించలేదంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పోయిన చలికాలం ఒక పొద్దున మా మట్టి గుట్ట మీద పులి అడుగులు కనిపించాయి. గోదావరి అవతలి అడవుల నుంచి ఈ మధ్య పులులు ఇటు దాటుతున్నాయి. పని ఆపేశారు. అటవీశాఖ నుంచి ఒక వాచర్ వచ్చాడు, నాకంటే చిన్నవాడు. టేపు నా దగ్గర ఉంది కదా అని నన్నే కొలవమన్నాడు. తడి మట్టిలో ఆ ముద్ర మా ఇంటి చాయ్ సాసరంత ఉంది. 

"గది లెక్కల వట్టకు అక్కా. మెత్తటి మట్టిల అడుగు ఇచ్చుకపోతది, ఉన్నదానికంటే పెద్దగ కనవడ్తది. గట్టి నేల మీది ముద్ర దేవులాడుదాం" అన్నాడు.

ఎండిన చోట దొరికిన ముద్ర రెండు వేళ్లు తగ్గింది. పొడవూ వెడల్పూ దాదాపు సమానంగా ఉంటే మగది, నిలువుగా సాగినట్టుంటే ఆడది అని చెప్పాడు. ఇది మగదే. నిలబడితే ఎంత ఎత్తు ఉంటుందని అడిగాను. తన నడుము మీద చెయ్యి పెట్టి, ఇంకో నాలుగు వేళ్లు పైకి చూపించాడు.

"అంతేనా?" అన్నాను. నా మొహం చూసి నవ్వాడు.

"గంతకు మించి ఏడుంటది అక్కా? అడవిలదైనా, బోనులదైనా మగపులి ఎత్తు గంతే. బోనుల ఉన్నది తిని పంటది, కడుపు జారుతది. అడవిలదానికి బలమంతా భుజాల కాడ ఉంటది. చూసినోడు భయానికి రెండింతలు చెప్తడు."

బాపు కూడా భయంలో పెంచి చెప్పాడేమో అనుకున్నాను. దాంట్లో నాకు పెద్ద తప్పేమీ కనిపించలేదు. నవ్వుతూ వాచర్‌కు మా పులి కథ చెప్పాను. ఎనిమిది అంగలు ఇటు, ఎనిమిది అంగలు అటు అనగానే అతను నడక ఆపాడు.

"అడవి పులి గట్ల మర్లది అక్కా. మర్లెతందుకు దానికి అడ్డం ఏమున్నది?" అంటూ గుట్ట మీదికి చెయ్యి చూపించాడు. అడుగులు ఒకదాని వెనక ఒకటి, గుట్ట అంచు వెంట కనుచూపు మేర తిన్నగా వెళ్లిపోయాయి. "ఉన్న జాగల్నే తిరిగేది కటకటాల ఎన్క ఉన్న పులే."

ఆ మాట ఆ రోజు నాకు పూర్తిగా ఎక్కలేదు. ముల్లు గుచ్చుకుంటే ఇంటికొచ్చాక తెలిసినట్టు, నాలుగు నెలల తర్వాత తెలిసింది.

నా బిడ్డకు ఏడేళ్లు. ఎండాకాలం సెలవులు రాగానే పులిని చూపించమని ఒకటే గొడవ. హైదరాబాద్ జూకు తీసుకెళ్లాను. అక్కడి మగపులి నిజంగానే పెద్దది. తల బియ్యం డబ్బంత ఉంది. మెడ కింద తోలు వేలాడుతోంది. నడుస్తుంటే కడుపు ఇటో ఊపు, అటో ఊపు. లోపలి గది కటకటాల వెంట నడుస్తోంది, గోడ రాగానే తల ఒక పక్కకు వంచి తిరుగుతోంది. కటకటాలకు రాసుకుని రాసుకుని ముక్కు మీద వెంట్రుకలు ఊడి నున్నటి మచ్చ పడింది.

నేను లెక్కపెట్టాను. ఇటు తొమ్మిది అంగలు, అటు తొమ్మిది అంగలు.

నా బిడ్డ "మమ్మీ, తాత పులి!" అని ఎగిరింది.  నడుస్తున్న పులికి పక్కనే, అదే నేల మీద, కటకటాలకు ఇవతల సిబ్బంది మనిషి ఒకాయన నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డాడు. పులి భుజం ఆయన నడుము దాటి కొంచెం పైకి వచ్చింది. వాచర్ చెప్పినంతే. మా గోడ మీది గీత నాలుగడుగుల ఏడంగుళాలు. ఈ పులి మూడడుగులు, మహా అయితే ఇంకో అంగుళం. మిగతా అడుగున్నర ఎక్కడిది?

అప్పుడు నాకు చక్రాలు గుర్తొచ్చాయి.

నా చిన్నతనంలో మొట్టమొదటి జ్ఞాపకం ఒకటుంది. నా కళ్లకు ఎదురుగా నల్లటి పెద్ద చక్రం. చక్రం పైన పలకల సందుల్లోంచి గడ్డిపరకలు, కారుతున్న నీళ్లు, ముక్కు పగిలే వాసన. ఇంకా పైకి చూస్తే పసుపు పచ్చటి చారల కడుపు. దసరాకు ట్రాక్టర్ మీద ఊరేగే దుర్గమ్మ విగ్రహం కింది పులి అయి ఉంటుందని ఇన్నాళ్లూ సర్దిచెప్పుకున్నాను. విగ్రహానికి వాసన ఉండదని ఒక్కసారి కూడా తోచలేదు. నేను చూసింది సర్కస్ బోను. నేల నుంచి అడుగున్నర ఎత్తున, చక్రాల మీద ఉండే బోను.

మా బాపు ఎత్తు పెంచి చెప్పలేదు. కళ్లారా చూసింది చూసినట్టు తెచ్చి గోడ మీద గీశాడు. ఆ కథ మొత్తంలో నిజం ఆ కొలత ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో రైలు కిటికీ పక్కన కూర్చుని రామగుండం వచ్చేదాకా ఏడ్చాను. బిడ్డ భయపడి నీళ్ల సీసా చేతికిచ్చింది. ముప్పై ఏళ్లు నా చెవిలో పువ్వు పెట్టాడు మా బాపు. నా ఒక్కదాని చెవిలోనైతే పోనీలే అనుకునేదాన్ని.

మరునాడు సాయంత్రం బాపు అరుగు మీద కూర్చుని మనవరాలి కోసం పల్లీలు ఒలుస్తున్నాడు. అది ఆయన మోకాలి మీద చెయ్యేసి, "తాతా, నీ గీత తప్పు. పులి గంత ఎత్తు ఉండది" అంది.

"జూల పులులు బక్కగుంటయి బిడ్డా, తిండి సాలది" అన్నాడు బాపు.

దాన్ని ఆడుకొమ్మని పంపించి ఆయన ఎదురుగా కూర్చున్నాను.

"గది బక్కది కాదు బాపూ. నీ పులే. ముక్కు మీద మచ్చతోని సహా. ఒక్కటి చెప్పు, సర్కస్ బండి ఎత్తెంత?"

పల్లీ ఒలుస్తున్న వేళ్లు ఆగిపోయాయి. అబద్ధం ఇంకొకటి వస్తుందేమోనని చూశాను. వస్తే ఏం చేసేదాన్నో నాకు తెలియదు. ఆయన చాలాసేపు దగ్గాడు. తర్వాత నా వైపు చూడకుండా మొదలుపెట్టాడు.

"షిఫ్టుకు పోదామనే ఎల్లిన బిడ్డా. సైకిల్ తీసిన. నువ్వు ముందటి డండా పట్టుకొని ఇడుస్తె కద. పులిని చూపియ్యి అని ఒక్కటే ఏడ్సుడు. తెల్లారితె సర్కస్ ఎత్తేస్తరన్నరు. ఒక్క నాగా పెడితె ఏమైతదిలే అనుకున్న. నీ కోసమే పోయిన."

డ్యూటీకి వెళ్లకపోవడాన్ని మా దగ్గర నాగా పెట్టడం అంటారు. బాయి మనుషులు నాగా పెట్టనిది ఎవరు? పెళ్లికి పెడతారు, కల్లుకు పెడతారు, ఊరికే ఒళ్లు బరువైనా పెడతారు. నాగా పెట్టినందుకు నేను ఆయన్ని ఒక్క మాట అనేదాన్ని కాదు. ఆ మనిషి పోయాక, పాడె లేవకముందే, ఆయన భార్యకు పులి కథ అల్లి చెప్పగలిగాడే, అది మింగడం నా వల్ల కాలేదు. ఇప్పుడు అడిగితే, ముప్పై ఏళ్లు కాపాడుకున్న పులిని పక్కకు జరిపి, ఆ చోట నాలుగేళ్ల పిల్లను నిలబెట్టాడు. ఆ పిల్లను నేను.

"అవ్వకు ఎరుకేనా?" అన్నాను.

"ఇంట్లకెల్లే పోయినం గద ఇద్దరం."

బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లే మా అవ్వ వీపు కళ్ల ముందు కదిలింది. ఒకరనుకుంటే ఇద్దరయ్యారు.

"చిన్నవ్వకు చెప్పు బాపూ. నువ్వే చెప్పు."

"గిన్నేండ్లకు చెప్తె ఆమెకు ఏం మిగుల్తది బిడ్డా? గా రాయి ఒక్కటే ఉన్నది ఆమెకు."

"నువ్వు చెప్పకపోతె నేను చెప్త" అన్నాను. ఆయన పల్లీల గిన్నె పక్కకు పెట్టి లోపలికి వెళ్లి పడుకున్నాడు.

మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అన్నం పళ్లెం ముందు పెట్టడం, తీయడం, అంతే. ఆ మూడు రోజులూ చిన్నవ్వకు చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకున్నాను. బాపు ఆ రోజు సర్కస్‌కు పోయాడు. నన్ను తీసుకుని పోయాడు. దారిలో పులి లేదు. మూడే మాటలు.

శుక్రవారం షిఫ్టు దిగి మైసమ్మ గుడి దగ్గరికి వెళ్లాను. చిన్నవ్వ పులిరాయిని కడిగి పసుపు రాస్తోంది. నన్ను చూడగానే ఆమె మొహం వెలిగిపోయింది. కూతురి లాంటిది వచ్చిందని కాదు, ఆమెకు నాతో పని ఉంది.

"నీ కోసమే చూస్తాన బిడ్డా. చలికాలంల మట్టి గుట్ట మీదికి పులి మల్ల వచ్చిందట గద, నాకు నిన్ననే ఎరుకైంది. నువ్వే కొలిసినవట. ఎంత ఉన్నది?"

అడిగింది కాబట్టి చెప్పడం సులువే అనుకున్నాను. నడుము మీద చెయ్యి పెట్టి నాలుగు వేళ్లు పైకి చూపించాను. కొలతల మనిషిని, ఉన్నది ఉన్నట్టు చూపించాను.

చిన్నవ్వ నా చేతి వైపు చూసింది. పసుపు చేతిని తన ఛాతీ దాకా ఎత్తింది.

"గంతేనా? మీ బాపు చూసింది ఈడిదాక గద. గీ పులి గా పులి కాదా మరి? లేకుంటే మీ బాపు..."

ఆమె అక్కడ ఆగింది. రెండో చెయ్యి రాయి మీద ఉంది. ముప్పై ఏళ్లలో ఆ ప్రశ్న ఆమెకు రావడం అదే మొదటిసారి అని ఆ చేతిని చూస్తే తెలిసిపోయింది. నా వైపు చూస్తోంది. నా దగ్గర మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. రెండో మాటలో నేనున్నాను.

నా చెయ్యి నడుము దగ్గరి నుంచి పైకి లేచింది. నేను లేపానో, అదే లేచిందో చెప్పలేను. ఛాతీ దగ్గర ఆగింది.

"మట్టి మెత్తగుంటె కొలత తప్పుతది చిన్నవ్వా. గట్టి నేల మీద చూసినం. ఈడిదాకనే ఉంటది" అన్నాను.

వాచర్ నేర్పిన పాఠాన్ని తలకిందులు చేసి అప్పజెప్పాను. చిన్నవ్వ గట్టిగా ఊపిరి వదిలింది.

"గదే పులి" అని రాయి మీది కుంకుమ తీసి నా నుదుట పెట్టింది.

ఇల్లు చేరేసరికి బాపు అరుగు మీదే ఉన్నాడు. నా బొట్టు చూశాడు. చెప్పావా అని అడగలేదు. ఆయన భుజాలు కిందికి దిగాయి, గిన్నె దగ్గరికి లాక్కుని పల్లీలు ఒలవడం మొదలుపెట్టాడు. ఆ క్షణంలో ఆయన మీద పుట్టినంత కోపం నాకు జూలో పుట్టలేదు, రైల్లో పుట్టలేదు. ఆయన్ని అసహ్యించుకునే హక్కు ఒక్కటి నాకు మిగిలి ఉండేది. దాన్ని కూడా తీసేసుకున్నాడు.

కాసేపటికి లోపలి నుంచి ఆయన గొంతు వినిపించింది. నా బిడ్డను వంటింటి గోడ దగ్గర నిలబెట్టాడు.

"గీత కాడ మంచిగ నిలవడు బిడ్డా. పులి అంత అయితానికి ఇంక ఎంత తక్కువున్నదో చూద్దాం."

అది మెడ తిప్పి నా వైపు చూసింది. "మమ్మీ, పులి గంత ఉండది గద?"

నేను బిందె తీసుకుని నల్లా దగ్గరికి వెళ్లాను. అది నల్లా వచ్చే వేళ కాదు.